గింజల డబ్బా చప్పుడు

ఆ చలికాలం మా నాన్న నోట మిగిలిన మాట ఒక్కటే. "వద్దు."

మంచినీళ్ళు కావాలన్నా వద్దు. దుప్పటి కప్పమని చెప్పాలన్నా వద్దు. పక్కకి తిప్పమన్నా, కిటికీ తెరవమన్నా, అమ్మని పిలవమన్నా అదే మాట. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్క ఉదయాన పోయాయి. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ ముందే చెప్పేశాడు. "ఆయన నోటికి దొరికింది ఆ ఒక్క మాటే. దానికి అర్థం వెతక్కండి. తల ఊపినా నమ్మకండి, అవునన్నదానికి అడ్డంగా ఊపుతారు. ఊరికే కన్నీళ్ళు కూడా వస్తుంటాయి, కంగారు పడకండి." ఆ మహానుభావుడి మాటలు మేం బుద్ధిగా నమ్మాం.

అమ్మ అయితే వేళాకోళం మొదలుపెట్టింది. "వద్దు వద్దంటూనే రెండు గిన్నెల సూపు లాగించాడు చూడవే. ఇక కావాలి అన్నాడంటే వంటగది మొత్తం ఊడ్చేస్తాడు!" నాన్న ఎడమవైపు మూతితో నవ్వేవాడు. స్పూను నోటి దగ్గరికి తీసుకెళ్తే "వద్దు" అని, అలా అనడానికి తెరిచిన నోట్లోనే సూపు పోయించుకునేవాడు. మేం ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. ఏం చేస్తాం మరి?

మా ఇల్లు మూడో అంతస్తు. ఇంటి నెత్తిన డాబా, డాబా మీద నాన్న పావురాల గూడు. ఆయన పడిపోయిన నాటికి ముప్పై ఎనిమిది పావురాలు. నాన్న ఉద్యోగం గడియారాల రిపేరు, ప్రాణం మాత్రం డాబా మీద. మమ్మల్ని పైకి రావద్దని ఎప్పుడూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. అది ఆయన రాజ్యం అని మేమే ఎక్కేవాళ్ళం కాదు. అమ్మ బట్టలు ఆరేయడానికి వెళ్ళినా అతిథిలా వెళ్ళి వచ్చేసేది. అందువల్ల ఆయన పడిపోయాక ఆ గూడు సంగతి తెలిసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకుండా పోయారు.

అమ్మ మోకాళ్ళు మెట్లెక్కవు. కాబట్టి పావురాలు నా నెత్తిన పడ్డాయి. నాకు తెలిసింది కింద నుంచి ఇన్నేళ్ళు విన్నదే. తలుపు తీస్తే రెక్కల హోరు, కాసేపటికి గింజల డబ్బా గలగల, ఆ తర్వాత పైకప్పు మీద టపటపా కాళ్ళ చప్పుడు. ఇంతేగా, ఇందులో ఏం బ్రహ్మవిద్య ఉంది అనుకున్నాను.

నిజానికి మొదటి నెల బాగానే జరిగింది. నేను ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గుడ్డలు ఆవిరి రోలర్ల మధ్యకు తోస్తూ నిలబడాలి. ఎనిమిదికి సైరన్ మోగేసరికి మిషను ముందుండాలి, నాలుగుకి వదిలిపెడతారు. అందుకని ఉదయం ఆరూ నలభై అయిదుకి గూడు తలుపు తీసేదాన్ని. పావురాలు గాలిలో తిరిగేవి. ఏడుంపావుకి డబ్బా కొట్టేదాన్ని. ఖాళీ కడుపులతో ఉంటాయేమో, అన్నీ ఒక్కసారిగా గూడు ముందున్న పలక మీదకు వాలి లోపలికి దూరేవి. గొళ్ళెం వేసి బస్సుకి పరుగు. సాయంత్రం మళ్ళీ నాలుగూ ముప్పావుకి తలుపు, అయిదుంపావుకి డబ్బా. ఒక్క నిమిషం తేడా రానిచ్చేదాన్ని కాదు.

"నిన్ను చూసి మీ నాన్న షాపులో గడియారాలన్నీ సరిచేసుకోవచ్చే" అని అమ్మ మురిసిపోయేది. నాకూ లోపల కాస్త గర్వంగానే ఉండేది.

నాన్న మంచం కిటికీ పక్కకు జరిపాం. డాబా కనిపించదు కానీ ఆకాశం కనిపిస్తుంది, వీధికి అవతల పాత నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పావురాలు ఆ చదరం ఆకాశంలోకి వచ్చి వెళ్తున్నంతసేపు నాన్న కళ్ళు ఆర్పేవాడు కాదు. అవి తిరిగే ఆ అరగంటలోనే ఆయన తిండి సరిగ్గా తినేవాడు. మిగతా వేళల్లో సగం గిన్నె కూడా వెళ్ళేది కాదు. అమ్మ ఆ రహస్యం కనిపెట్టి సూపూ రొట్టే మందులూ అన్నీ ఆ వేళకే సిద్ధం చేసేది. అంటే మా నాన్న బతుకు ఆ పావురాల రెక్కల మీద నడుస్తోందన్నమాట. ఇది నేను గొప్ప కోసం చెప్పడం లేదు, ఇంట్లో గిన్నెలు లెక్కపెట్టి చెబుతున్నాను.

చలి ముదిరాక డేగ వచ్చింది.

మొదటి రోజు నేను దాన్ని చూడనేలేదు. డబ్బా కొట్టాను, పావురాలు గుంపుగా పలక వైపు దిగుతున్నాయి, ఏదో రాయి విసిరినట్టు గాలి చీలింది, అంతే. ఒక గుప్పెడు తెల్ల ఈకలు నా మొహం ముందు తేలుతూ పడ్డాయి. మిగతావి లోపలికి దూరి మూలల్లో నక్కాయి. ముప్పై ఏడు.

రెండు రోజులకి ఇంకోటి. మూడు రోజులకి ఇంకోటి.

పావురాలు కూడా ఊరికే చావలేదు. వారం తిరిగేసరికి అవి ఎగిరే తీరు మారిపోయింది. ఇంతకుముందు పెళ్ళివారిలా చెదిరి తిరిగేవి, ఇప్పుడు ఒకదానికొకటి ఆనుకుని, పిడికిలి బిగించినట్టు ఒక్క ముద్దగా తిరగసాగాయి. మరీ ఎత్తుకు పోయేవి. ఎర్ర రెక్కల ముసలి పావురం ఒకటి ఉండేది, నాన్న దాన్ని 'పెద్దావిడ' అనేవాడు. అదే ముందుండి మలుపు తిప్పేది, వెనక ముప్పై చిల్లర తిరిగేవి. గాలిలో ఉన్నంతసేపు డేగ వాటి జోలికి రావడం మానేసింది. నేను గెలిచామనుకున్నాను. అది గాలిలో వెంటపడటం మానేసి, దిగేచోట కాయడం నేర్చుకుందని నాకేం తెలుసు?

దాంతో పావురాలు దిగడానికి జంకడం మొదలుపెట్టాయి. డబ్బా కొడితే పలక దాకా వచ్చి, మళ్ళీ లేచిపోయేవి. ఆకలి కిందికి లాగేది, భయం పైకి లాగేది. నాకా బస్సు టైమైపోయేది. ఇంకా గట్టిగా, ఇంకా సేపు కొట్టేదాన్ని. చాలడం లేదని లాండ్రీ నుంచి విరిగిన ఇనుప కొక్కేలు గుప్పెడు తెచ్చి గింజల్లో కలిపాను. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినబడేది.

ఆ రోజుల్లోనే నాన్న ఎడమ పిడికిలి బిగించి ఆడించడం మొదలుపెట్టాడు. గలగలా డబ్బా ఊపినట్టు ఆడించి, తర్వాత వేళ్ళు వంకీలు చేసి మంచం మీదకి దబ్బున దించేవాడు. "వద్దు. వద్దు."

"ఏమంటాడే?" అంది అమ్మ.

"డబ్బా కొట్టమంటున్నాడు. ఊపి దించమంటున్నాడు, చూడు."

"కొడుతూనే ఉన్నావు కదే!"

"ఇంకా గట్టిగా అనుకుంటా. సరే నాన్నా, గట్టిగా కొడతాలే. నువ్వు కంగారు పడకు."

నాన్న కళ్ళలోంచి నీళ్ళు కారాయి. డాక్టరు చెప్పాడు కదా, ఊరికే వస్తాయని. పమిట చెంగుతో తుడిచి పైకి వెళ్ళాను.

ఇక్కడ లాండ్రీ సంగతి ఒకటి చెప్పాలి. మా సూపర్‌వైజర్ బూట్లు కిర్రుమనేవి. ఆ కిర్రు వినబడగానే ఇరవై మంది ఆడవాళ్ళ నడుములు నిటారుగా నిలబడేవి, కబుర్లు ఆగిపోయేవి, టీ గ్లాసులు దుప్పట్ల కింద దాక్కునేవి. అతను వచ్చి చూస్తే గుడిలో ఉన్నంత నిశ్శబ్దం. కొన్నాళ్ళకి అతనికి అనుమానం వచ్చింది, బూట్లు మానేసి రబ్బరు చెప్పులు వేసుకుని రావడం మొదలుపెట్టాడు. మేము అతని హెయిర్ ఆయిల్ వాసన పసిగట్టడం నేర్చుకున్నాం. "వాడు నేర్చుకుంటే మనం నేర్చుకోమా ఏంటి!" అని అందరికంటే గట్టిగా పకపకా నవ్వింది నేనే. ఆ మాట అన్న మూతితోనే ఇంటికొచ్చి అయిదుంపావుకి డబ్బా కొట్టేదాన్ని.

ఒక ఉదయం గింజలు నింపుకోవడానికి డబ్బా కిందికి తెచ్చి నాన్న మంచం దగ్గర పెట్టాను. ఆయన ఎడమ చేత్తో ఈడ్చి ఒక్కటి కొట్టాడు. డబ్బా గోడకి తగిలి, గింజలూ కొక్కేలూ గదంతా చిమ్మాయి.

"వద్దు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సుకి పది నిమిషాలుంది, గింజలు మంచం కింద, చెప్పుల్లో, అన్నిచోట్లా.

"నీ పావురాల కోసమే కదా నాన్నా నేనింత చస్తున్నది! కాస్తయినా జాలి లేదా నీకు?"

"వద్దు" అన్నాడు మళ్ళీ, ఈసారి మెల్లగా.

"అవును, అన్నీ వద్దే నీకు!"

అమ్మ వంటగదిలోంచి వచ్చి "నోటికి దొరికిన ఆ ఒక్క మాటకి కోపమేంటే" అని నన్ను కసిరింది. నేను మోకాళ్ళ మీద పాకుతూ గింజలేరి, పైకి పోయి, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా డబ్బా కొట్టాను. ఆ రోజు నీలం మెడ పావురం పోయింది.

జబ్బు మనిషిని కసిరిన పాపమేమో, ఆ వారమే రోలర్ దగ్గర నా అరచెయ్యి కాలింది. కట్టు కట్టి రెండు రోజులు ఇంట్లో ఉండమన్నారు. మొదటి సాయంత్రం అమ్మ నడుం బిగించింది.

"ఒక్కపూట నేనెక్కుతాలే. నలభై ఏళ్ళ కాపురంలో ఆ గూడు నేను చూడనిదా? నువ్వు మీ నాన్నకి తినిపించు."

మెట్టుకో మాట తిట్టుకుంటూ ఎక్కింది. రెక్కల హోరు వినిపించింది. నేను మంచం మీద నాన్న పక్కన, ఆయన తల ఆనుకునే దిండుకే ఆనుకుని కూర్చున్నాను. ఆ వేళప్పుడు ఆ చోట నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ పైనే ఉండేదాన్ని కదా.

ఎదురుగా నీళ్ళ ట్యాంకు. పైకొన మా డాబా నుంచీ కనిపిస్తుంది. దాని కింద చుట్టూ తిరిగిన సిమెంటు గట్టు మాత్రం, పైన పిట్టగోడ అడ్డొచ్చి, ఈ కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ గట్టు మీద డేగ ఉంది. ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, కునుకు తీస్తోంది. పావురాలు దాని నెత్తిమీదుగానే రెండు చుట్లు తిరిగాయి. అది తల కూడా ఎత్తలేదు.

"ఎంత పొగరు చూడు నాన్నా" అన్నాను, స్పూను నోటికందిస్తూ.

నాన్న నోరు తెరవలేదు. నా ముంజేయి పట్టుకున్నాడు. గడియారం చూశాడు. అయిదూ పధ్నాలుగు.

పైన డబ్బా గలగలమంది.

డేగ ముడుచుకున్న కాలు కిందికి దించింది. ఈకలు దులుపుకుని సన్నబడింది. అది పావురాల వైపు చూడనే లేదు, మా డాబా వైపు చూసింది. నాన్న నా ముంజేయి వదిలి పిడికిలి ఆడించాడు, గలగలా. డేగ ముందుకు వంగింది. నాన్న వేళ్ళు వంకీలు తిరిగి మంచం మీద దబ్బున పడ్డాయి. గట్టు ఖాళీగా ఉంది.

పైనుంచి అమ్మ కేక వినబడింది. "అయ్యో! పెద్దావిడే! పెద్దావిణ్ణి ఎత్తుకుపోయింది!"

నా చేతిలో సూపు స్పూను అలాగే ఉంది. చల్లారిపోయింది. దాన్ని గిన్నెలో పెట్టాను.

డేగ వచ్చి నలభై రోజులు. పూటపూటా ఆయన ఇక్కడ పడుకుని ఇదంతా చూశాడు. నేను భోజనానికి గంట కొట్టి దాన్ని పిలవడం చూశాడు. చెయ్యితో చెప్పాడు, నోటితో చెప్పాడు, డబ్బా విసిరికొట్టి చెప్పాడు, ఏడ్చి చెప్పాడు. ప్రతిసారీ నేను "సరే నాన్నా" అని పైకెళ్ళి ఇంకా గట్టిగా కొట్టాను. తల తిప్పి నాన్న మొహంలోకి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

నాన్న స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, తాళాలు బాగుచేస్తాడు, ఆయనకీ పావురాలున్నాయి. మేం ఆయన్ని తాళాల మామయ్య అంటాం. మర్నాడే ఆయన కొట్టుకి పోయి జరిగింది చెప్పాను. ఆకురాయి పక్కన పెట్టి నోరు నొక్కుకున్నాడు.

"చలికాలంలో డబ్బానా? మీ నాన్న డేగ కనబడ్డ రోజు నుంచి డబ్బా ముట్టుకునేవాడే కాదమ్మా. ఒక రోజు పొద్దున్నే వదిలేవాడు, ఒక రోజు మధ్యాహ్నం, ఒక రోజు అసలు తలుపే తీసేవాడు కాదు. తలుపు తీసి పెట్టి ఊరుకుంటే వాటికి ఎప్పుడు బాగుందనిపిస్తే అప్పుడు ఒకటీ అరా వచ్చి దూరేవి. గుంపుగా దిగనిచ్చేవాడు కాదు."

"మరి నాకు చెప్పలేదేం మామయ్యా?"

ఆయన తెల్లబోయాడు. "నేను చెప్పడమేంటి తల్లీ. మీ నాన్న ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకున్నా."

చేతి కట్టు సర్దుకుని కొట్టు మెట్లు దిగాను.

వేళలు మార్చాలంటే నాకు షిఫ్టు మారాలి. సూపర్‌వైజర్ని అడిగాను, వారంలో రెండు రోజులు మధ్యాహ్నం షిఫ్టు ఇవ్వమని. కారణం అడిగాడు, అబద్ధం ఆడటం చేతకాక చెప్పేశాను.

"పావురాల కోసమా?" అతను చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడేలా నవ్వాడు. "రేపు ఇంకొకావిడ మా పిల్లికి ఒంట్లో బాలేదంటుంది. వెళ్ళమ్మా, రోలర్ చల్లారిపోతోంది."

నా తోటివాళ్ళూ నవ్వారు. వాళ్ళని అనడం దేనికి, నేనైనా నవ్వేదాన్నే.

కాబట్టి అవే వేళలు. డబ్బా మాత్రం మానేశాను. తలుపు తీసి, పలక మీద గింజలు నిశ్శబ్దంగా చల్లి, పక్కన నిలబడ్డాను. కానీ అలవాటు పడ్డది డేగ ఒక్కటే కాదు. డబ్బా లేకపోతే పావురాలకి దిగాలని తెలియలేదు. పెద్దావిడ ఉంటే దింపేదేమో. తిరిగాయి, తిరిగాయి, రెక్కలు అలిసిపోయేదాకా తిరిగి ఎటువి అటు చెదిరిపోయాయి. ఏడుంపావుకి డేగ డబ్బా కోసం ఎదురుచూడకుండానే వచ్చింది. నా గడియారం దానికి ఎప్పుడో కంఠతా వచ్చేసింది. నాలుగు రోజులు అలా ప్రయత్నించాను. కొన్ని ఎవరెవరి చూరుల కిందో చేరాయి, కొన్ని అసలు కనబడలేదు. అయిదో రోజు లెక్క చూస్తే పన్నెండు.

ఆ పన్నెండునీ లోపల పెట్టి గొళ్ళెం వేశాను. ఇంక తియ్యలేదు.

కిటికీలో ఆకాశం ఖాళీ అయింది. నాన్న మొదట రెండు రోజులు ఎదురుచూశాడు. తర్వాత గోడ వైపు తిరగడానికి ప్రయత్నించాడు. సొంతంగా తిరగలేడు కదా, సగం తిరిగి ఆగిపోయేవాడు. మిగతాది మేమే తిప్పాల్సి వచ్చేది. తినడం పావు గిన్నెకి దిగింది. "ఒక్క ముద్ద, ఒక్కటంటే ఒక్కటి" అని అమ్మ బతిమాలేది. ఇప్పుడు ఆయన వద్దంటే నేను స్పూను ఆపేసేదాన్ని. అది ఆకలి లేని వద్దా, నీళ్ళడిగే వద్దా, నొప్పిగా ఉందనే వద్దా అని ఒక్కొక్కటే అడిగేదాన్ని. ఆయన తల ఎటో ఊపేవాడు. ఒక్క పూట భోజనానికి గంట పట్టేది. అమ్మ వేళాకోళాలు ఆగిపోయాయి.

మా గదుల్లో ఇంకో మార్పు కూడా వచ్చింది. నాన్న మాత్రల కోసం రేకు డబ్బా ఒకటి ఉండేది. ఒకసారి నేను దాన్ని కదిపినప్పుడు పైన గువ్వల గురగుర టక్కున ఆగిపోయింది. మొత్తం పైకప్పు ఊపిరి బిగపట్టినట్టు అయింది. నాన్న కళ్ళు పైకి లేచాయి. మళ్ళీ చప్పుడు మొదలవడానికి చాలాసేపు పట్టింది. ఆ మర్నాడు అమ్మ మాట్లాడకుండా మాత్రలు, చక్కెర, బియ్యం, బొత్తాలు అన్నీ గుడ్డ సంచుల్లోకి మార్చేసింది. రేకు డబ్బాలన్నీ కట్టకట్టి పాత సామానుల్లో పడేశాం.

చలి తగ్గాక డేగ వెళ్ళిపోయింది. ట్యాంకు గట్టు వరసగా పది రోజులు ఖాళీగా ఉండటం నేనూ నాన్నా ఇద్దరం చూశాం. పదకొండో రోజు ఆదివారం. తాళాల మామయ్యని పిలిచాను. గూడు తలుపు బార్లా తీశాం.

ఒక్కటీ బయటకు రాలేదు.

గడప దాకా వచ్చాయి. మెడ చాచి ట్యాంకు వైపు చూశాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాయి.

"పట్టుకుని విసిరితే?" అన్నాను.

"విసిరితే ఎగురుతాయి. మళ్ళీ దిగవు. నువ్వే చూశావుగా" అన్నాడు మామయ్య. "ఈ ఋతువంతా ఇలాగే ఉన్నాయంటే రెక్కలు మొద్దుబారిపోతాయమ్మా. ఇక అవి ఎగిరే పావురాలు కావు."

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆయన వెళ్ళిపోయాక నాకు పిచ్చి ఆశ ఒకటి పుట్టింది. డేగ లేదు కదా. వీటికి మొదటి నుంచీ తెలిసిన పిలుపు ఒకటే కదా. పాత సామానుల్లోంచి ఆ గింజల డబ్బా వెతికి పట్టుకొచ్చి, నాలుగు గింజలు వేసి, చిన్నగా ఒక్కసారి ఊపాను.

పన్నెండూ ఒకదాని మీదొకటి ఎక్కుతూ వెనక గోడకి పోయి అతుక్కున్నాయి. వాటి కళ్ళు ఆకాశం వైపు లేవు, ట్యాంకు వైపు లేవు. నా చేతి వైపు చూస్తున్నాయి.

కింద కిటికీలోంచి నాన్న గొంతు వినబడింది. "వద్దు."

డబ్బా కింద పెట్టేశాను. చప్పుడు కాకుండా పెట్టడానికి రెండు చేతులూ వాడాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం నాన్న పక్కన కూర్చున్నాను. నాలుగూ ముప్పావు దాటింది, అయిదుంపావు దాటింది. చదరం ఆకాశంలోకి ఏదీ రాలేదు. ఆయన ఈసారి గోడ వైపు తిరగలేదు, అటే చూస్తున్నాడు. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

"ఎగురుతాయిలే నాన్నా. ఇంకో నాలుగు రోజులు పోతే..."

"వద్దు" అన్నాడు.

ఈసారి విన్నాను. మాట ఆపేసి, ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.